మూడు వారాల ఓరియంటేషన్ ఒక్క పూటలో ముగిస్తే నష్టపోయేదెవరు?

ఇంజినీరింగ్‌లో కొత్తగా చేరినవాళ్లకు మూడు వారాల పాటు స్టూడెంట్ ఇండక్షన్ ప్రోగ్రాం, అంటే కాలేజీ జీవితాన్ని పరిచయం చేసే ఓరియంటేషన్, నడపాలని సాంకేతిక విద్యను పర్యవేక్షించే ఏఐసీటీఈ ఎప్పుడో చెప్పింది. డిగ్రీ కాలేజీల కోసం, ఉన్నత విద్యను పర్యవేక్షించే యూజీసీ 2019లో 'దీక్షారంభ్' పేరుతో అలాంటి మార్గదర్శకాలే ఇచ్చింది. శ్రీకాకుళం, విజయనగరం వైపు చాలాచోట్ల మాత్రం ఇది ఒక్క పూట సభగానే ముగుస్తోంది. జ్యోతి ప్రజ్వలన, యాజమాన్యం ప్రసంగాలు, ప్లేస్‌మెంట్ల వీడియో, భోజనాలు. మర్నాటి నుంచి క్లాసులు.

ఆ సభలో వెనక వరసల్లో కూర్చున్నవాళ్లను చూడండి. మందస నుంచో, మెళియాపుట్టి నుంచో తెల్లవారకముందే బస్సెక్కి వచ్చిన తండ్రి ఒళ్లో ప్లాస్టిక్ కవరు ఉంటుంది. అందులో టీసీ, స్టడీ సర్టిఫికెట్లు, కుల, ఆదాయ ధ్రువపత్రాలు, అన్నింటికీ రెండేసి జిరాక్సులు. వేదిక మీద గంటసేపు ఇంగ్లిష్‌లో ప్యాకేజీల గురించి మాట్లాడతారు. ఆయన మనసులో ఉన్నది ఒక్కటే ప్రశ్న. దాన్ని మైకు ముందు అడగలేక, బయటికొచ్చాక అటెండర్‌ని అడుగుతాడు: "ఫీజు డబ్బులు గవర్నమెంటు నుంచి లేటయితే మమ్మల్ని కట్టమంటారేటి బాబూ?" ఓరియంటేషన్‌లో మొట్టమొదట జవాబు చెప్పాల్సిన ప్రశ్న ఇదే.

పిల్లల సంగతికొస్తే, ఇంటర్ హాస్టల్లో వాళ్లను నిద్ర లేపేవారు, స్టడీ అవర్‌లో కూర్చోబెట్టేవారు, వారం వారం టెస్టు పెట్టి మార్కులు ఇంటికి పంపేవారు. ఇక్కడ అవేవీ ఉండవు. క్లాసు ఎగ్గొట్టినా వెంటనే ఎవరూ అడగరు. అడగలేదంటే పర్వాలేదనే అనుకుంటారు. జేఎన్టీయూ నిబంధనల ప్రకారం సెమిస్టర్‌లో 75 శాతం హాజరు ఉండాలి. 65కు, 75కు మధ్య ఉంటే సరైన కారణం చూపి, ఫీజు కట్టి మినహాయింపు కోరొచ్చు. 65 కూడా లేకపోతే ఆ సెమిస్టర్ మళ్లీ చదవాల్సిందే. పైగా ఫీజు రీయింబర్స్‌మెంట్‌కూ హాజరుతో ముడి ఉంది. అంటే ఎగ్గొట్టిన క్లాసుల భారం చివరికి ఇంటి మీదే పడుతుంది.

మార్కుల లెక్క కూడా ఇంటర్‌లా ఉండదు. థియరీ సబ్జెక్టుకు ఇంటర్నల్ 30, సెమిస్టర్ పరీక్ష 70. సెమిస్టర్ మధ్యలో పెట్టే రెండు మిడ్ పరీక్షల్లో బాగా వచ్చినదానికి 80 శాతం, మిగిలినదానికి 20 శాతం వెయిటేజీ ఇస్తారు. సొంతంగా పరీక్షలు పెట్టుకునే అటానమస్ కాలేజీల్లో తేడాలుండొచ్చు, అడిగి తెలుసుకోవాలి. నన్ను ఎక్కువ కలవరపెట్టేది మరొకటి. మొదటి ఏడాది నుంచి రెండో ఏడాదికి వెళ్లడానికి హాజరు ఉంటే చాలు, ఎన్ని సబ్జెక్టులు తప్పినా ఆపరు. మూడో ఏడాదిలోకి వెళ్లేటప్పుడు మాత్రం అప్పటిదాకా చదివిన సబ్జెక్టుల క్రెడిట్లలో (సబ్జెక్టు పాసైతే వచ్చే పాయింట్లు) 40 శాతమైనా సాధించి ఉండాలి. మొదటి ఏడాది మిగిల్చుకున్న మ్యాథ్స్, ఫిజిక్స్ బ్యాక్‌లాగులు అక్కడికొచ్చి మెడకు చుట్టుకుంటాయి. ఇది మొదటి వారంలోనే తెలుగులో, బోర్డు మీద లెక్క వేసి చూపిస్తే ఎంతమంది పిల్లలు జాగ్రత్తపడతారు!

మూడు వారాలు దీనికే పోతే సిలబస్ ఆలస్యమవుతుందని కాలేజీలు అంటాయి. మూడు వారాల్లో ఏం చేయమన్నారో చూస్తే ఆ మాట నిలబడదు. వ్యాయామం, కళలు, మానవ విలువలు, బ్రాంచి పరిచయంతో పాటు స్థానిక ప్రాంతాల సందర్శన కూడా అందులో ఉంది. విజయనగరంలో చదువుకునే పిల్లలు, 1919లో మొదలై ఆదిభట్ల నారాయణదాసు తొలి ప్రిన్సిపల్‌గా పనిచేసిన, ఘంటసాల చదువుకున్న సంగీత కళాశాలను చూడకుండానే నాలుగేళ్లు గడిపేయడం ఎంత లోటు! శ్రీకాకుళంలో సివిల్ ఇంజినీరింగ్ విద్యార్థులను ఒక్కరోజు ఉద్దానం తీసుకెళ్లొచ్చు. కిడ్నీ జబ్బుతో ఏళ్లుగా అల్లాడుతున్న ఆ పల్లెలకు హిరమండలం నుంచి వంశధార నీళ్లు పైపుల్లో ఎలా చేరుతున్నాయో చూపిస్తే, తాము చదవబోయే చదువు ఎవరికి పనికొస్తుందో కళ్లారా తెలుస్తుంది. ఆ పిల్లల్లో కొందరి సొంతూరు ఆ పల్లెల్లో ఒకటే అయి ఉంటుంది కూడా.

ర్యాగింగ్ గురించి క్లుప్తంగా. మన రాష్ట్రంలో 1997 నుంచే ప్రత్యేక చట్టం ఉంది. విద్యార్థి, తల్లిదండ్రులు ఇద్దరూ హామీపత్రం ఇవ్వాలి. 1800-180-5522 నంబరుకు ఏ వేళలోనైనా ఫోన్ చేయొచ్చు. హాస్టల్లో చేరే పిల్లలు ఆ నంబరు మొదటి రోజే సేవ్ చేసుకోవాలి.

భాష సంగతి ఇంతకన్నా పెద్దది. మన రాష్ట్ర డిగ్రీ కాలేజీలు కూడా 2021-22 నుంచి ఇంగ్లిష్ మీడియంకు మారాయి. ఊళ్లో తెలుగు మీడియంలో చదివినవాళ్లకు మొదటి నెలంతా టెన్షనే. డౌట్ అడిగితే నవ్వుతారని నోరు మెదపరు, అర్థంకాక చివరి బెంచీకి జరిగిపోతారు. అందుకే ఈ మూడు వారాల్లో కొన్ని గంటలైనా అదే మండలం నుంచి వచ్చిన సీనియర్లకు అప్పగించాలి. "నాకూ ఇలాగే ఉండేది, ఇలా నెట్టుకొచ్చాను" అని ఇచ్ఛాపురం పిల్లకి ఇచ్ఛాపురం అక్క చెబితే కలిగే ధైర్యం ఏ ముఖ్య అతిథి ప్రసంగంతోనూ రాదు.

ఇరవై మందికి ఒక అధ్యాపకుడిని మెంటర్‌గా పెట్టి, ఆ బంధం చదువు పూర్తయ్యేదాకా కొనసాగించాలని ఏఐసీటీఈ సూచించింది. కాలేజీ మూడు వారాలు నడిపినా నడపకపోయినా, తల్లిదండ్రులు ఆ రోజు తిరుగు బస్సు ఎక్కేలోపు తమ పిల్లల మెంటర్ ఎవరో అడగాలి, వీలైతే ఒకసారి కలిసి మాట్లాడాలి, ఫోన్ నంబరు రాసుకోవాలి. మెంటర్‌ను ఇంకా కేటాయించలేదంటే, ఎప్పటిలోగా కేటాయిస్తారో ప్రిన్సిపల్‌నే అడగాలి.