పార్కింగ్‌లో ప్లగ్గు పెట్టనివ్వండి

ఐదు నిమిషాల చార్జింగ్‌తో 400 కిలోమీటర్లు వెళ్లొచ్చని చైనా కంపెనీ బీవైడీ 2025 మార్చిలో ప్రకటించింది. ఆ వార్త మన ఫోన్లలో బాగానే తిరిగింది. అవే ఫోన్లలో, అపార్టుమెంటు అసోసియేషన్ గ్రూపుల్లో మాత్రం ఇంకో చర్చ నడుస్తోంది: బేస్‌మెంట్‌లో చార్జింగ్ పాయింటుకు ఒప్పుకోవాలా, వద్దా? బెంగళూరులో ఎలక్ట్రిక్ కారు నడిపేవాడి టైమ్ మిగిలేది చైనా చార్జింగ్ గన్‌తో (కారుకు తగిలించే ప్లగ్గుతో) కాదు, ఈ రెండో చర్చ తేలితేనే అన్నది మా అభిప్రాయం.

ఈ ఊరికి ఎలక్ట్రిక్ కారు కొత్తేమీ కాదు. రేవా అనే చిట్టి కారు 2001లో ఇక్కడి నుంచే రోడ్డెక్కింది. ఎలక్ట్రిక్ వాహనాలకు ప్రత్యేక విధానం ప్రకటించిన తొలి రాష్ట్రం కూడా కర్ణాటకే, 2017లో. పబ్లిక్ చార్జింగ్ స్టేషన్ల సంఖ్యలోనూ దేశంలో ముందున్నది ఈ రాష్ట్రమే. ఐదు వేలకు పైగా ఉన్న ఆ స్టేషన్లలో అత్యధికం బెంగళూరులోనే ఉన్నాయి. ఇన్ని ఉన్నా షోరూమ్‌లో అడుగుపెట్టిన మనిషి మొదట అడిగేది అదే ప్రశ్న: చార్జింగ్‌కి ఎంతసేపు పడుతుంది?

లెక్క కష్టమైనదేం కాదు. కరెంటు బిల్లులో కనిపించే యూనిట్టే ఇక్కడా కొలత. మధ్యతరగతి కొనే కార్లలో 30 నుంచి 50 యూనిట్ల బ్యాటరీ ఉంటుంది. పెద్ద కార్లలో 80, ఆపైన కూడా ఉంటుంది. గీజర్ పెట్టుకునే 15 ఆంపియర్ల సాకెట్ గంటకు మూడు యూనిట్లు ఎక్కిస్తుంది, గోడకు బిగించే 7.2 కిలోవాట్ల చార్జర్ ఏడు యూనిట్లు. బయటి డీసీ ఫాస్ట్ చార్జర్లు 30 కిలోవాట్ల నుంచి 240 వరకు రకరకాలు. 50 యూనిట్ల బ్యాటరీని 10 శాతం నుంచి 80 శాతానికి తేవాలంటే 35 యూనిట్లు కావాలి. అంటే సాకెట్‌తో 12 గంటలు, గోడ చార్జర్‌తో 5 గంటలు, 60 కిలోవాట్ల గన్‌తో కాగితం మీద 35 నిమిషాలు.

కాగితం మీద అనడానికి కారణం ఉంది. బ్యాటరీ మొదటినుంచి చివరిదాకా ఒకే వేగంతో కరెంటు తీసుకోదు. పెళ్లి బంతిలో ముందు వచ్చినవాళ్లు గబగబా కూర్చుంటారు, ఆఖర్న వచ్చినవాళ్లు ఖాళీ కుర్చీ వెతుక్కోవాలి. లిథియం అయాన్ల పరిస్థితీ అంతే. 80 శాతం దాటాక కూడా బలవంతంగా తోస్తే లిథియం లోహంగా మారి ఎలక్ట్రోడు మీద పేరుకుంటుంది, బ్యాటరీ ఆయుష్షు తగ్గుతుంది. అందుకే కారే వేగం తగ్గించేస్తుంది. 20 నుంచి 80కి పట్టినంత సేపు ఆఖరి 20 శాతానికీ పట్టడం మామూలే. వేడి సంగతి కూడా ఉంది. ఎండాకాలం మధ్యాహ్నం హైవే మీద గంటల తరబడి తోలి, అనంతపురంలో దిగీ దిగగానే గన్ పెడితే, బ్యాటరీ చల్లబడేదాకా కారు కరెంటు అంతగా తీసుకోదు.

ఇంజనీర్లు ఈ పరిమితుల మీద గట్టిగానే పనిచేస్తున్నారు. వోల్టేజీని 400 నుంచి 800కు పెంచితే అదే శక్తికి సగం కరెంటు చాలు, తీగలో పుట్టే వేడి నాలుగో వంతుకు పడిపోతుంది. కొత్త తరం కార్లలో కొన్ని 20 నిమిషాల్లోపే 80 శాతానికి చేరుతున్నాయంటే ఇలాంటి మార్పుల వల్లే. బెంగళూరుకే చెందిన ఎక్స్‌పోనెంట్ ఎనర్జీ ఇంకో దారి పట్టింది. చార్జింగ్ జరుగుతున్నంతసేపూ గన్ గుండానే చల్లటి నీళ్లు బ్యాటరీలోకి పంపి, ఆటోలు, సరుకు బళ్లను 15 నిమిషాల్లో నింపుతోంది. రోజంతా తిరిగితేనే గిట్టుబాటయ్యే బండికి ఇది నిజంగా అవసరం. సొంత కారుకు అంత అవసరం ఉందా? రోజులో 20 గంటలకు పైగా అది నిలబడే ఉంటుంది కదా!

పైగా వేగానికి మూల్యం ఉంది. ఒక మెగావాట్ (వెయ్యి కిలోవాట్లు) గన్ లాక్కునే కరెంటు, ఫ్లాటుకు 4 కిలోవాట్ల లోడు లెక్కన 250 ఫ్లాట్ల సముదాయం మొత్తానికి సమానం. వీధి చివరి ట్రాన్స్‌ఫార్మర్ దీన్ని మోయలేదు. స్టేషన్ దగ్గరే కరెంటు నిల్వ చేసుకునే ఏర్పాటు ఉండాలి. విమానాశ్రయం సమీపంలో 2024లో నగర విద్యుత్ పంపిణీ సంస్థ బెస్కాం ప్రారంభించిన చార్జింగ్ హబ్‌లో సోలార్ పలకలకు తోడు కార్లలో వాడేసిన బ్యాటరీలను నిల్వకు వాడుతున్నారు. తక్కిన చోట్లకూ ఆ పద్ధతి వెళ్లాలి.

ఇక అసలు విషయానికి వద్దాం. ఐటీ ఉద్యోగి రోజుకు 40 కిలోమీటర్లు తిరుగుతాడనుకుందాం. యూనిట్‌కు ఆరేడు కిలోమీటర్లు వస్తాయి కాబట్టి ఖర్చయ్యేది ఆరున్నర యూనిట్లు. మామూలు 15 ఆంపియర్ల సాకెట్‌కు ఇది రెండు గంటల పని. మనిషి నిద్రపోతుంటే అయిపోతుంది. అతని వంతుగా పోయే టైమ్, ప్లగ్గు పెట్టడానికి ఒక నిమిషం, తియ్యడానికి ఒక నిమిషం. ఐదు నిమిషాల గన్ కూడా దీనికి సాటి రాదు, ఎందుకంటే ఆ గన్ దగ్గరికి ట్రాఫిక్‌లో వెళ్లి రావాలి, మారతహళ్లి బ్రిడ్జి ఎటుపక్క ఉన్నారన్నదాన్ని బట్టి అది అరగంటో, గంటన్నరో!

ఇంత తేలికైన పనికి అడ్డం పడుతున్నది అపార్టుమెంటు అసోసియేషన్లు. వాళ్ల అభ్యంతరాలు రెండు. మొదటిది లోడు. 50 కార్లు ఒక్కసారి 7.2 కిలోవాట్ల చొప్పున లాగితే 360 కిలోవాట్లు అవుతుంది, ట్రాన్స్‌ఫార్మర్ తట్టుకోదు, మార్చడానికి లక్షలు ఎవరు పెడతారు అంటారు. కానీ ఆ 50 కార్లకు రాత్రికి కావాల్సింది మొత్తం 325 యూనిట్లే. ఎనిమిది గంటల మీద పరిస్తే 40 కిలోవాట్లు. అందరూ ఏసీలు, గీజర్లు ఆపి పడుకున్న వేళలో ఆ మాత్రం ఖాళీ చాలా భవనాల్లో దొరుకుతుంది. ఉన్న లోడును కార్ల మధ్య వంతులవారీగా పంచే చార్జర్లు మార్కెట్లో ఉన్నాయి. ఫ్లాటుకొకరు విడివిడిగా తీగ లాక్కునేకన్నా అసోసియేషనే అలాంటి వ్యవస్థ పెట్టి, వాడినవాళ్ల దగ్గర యూనిట్ లెక్కన వసూలు చేసుకోవడం మేలు.

రెండోది మంటల భయం. 2022లో ఎలక్ట్రిక్ స్కూటర్లు వరుసగా తగలబడిన దృశ్యాలు ఎవరూ మర్చిపోలేదు, ఆ భయాన్ని వెక్కిరించాల్సిన పనీ లేదు. తర్వాత కేంద్రం బ్యాటరీ భద్రతా పరీక్షలను కఠినం చేసింది. బేస్‌మెంట్‌లో పాయింటు వద్దంటే ఏమవుతుందో కూడా ఆలోచించాలి. అధికారికంగా వద్దన్నచోట జనం కిటికీలోంచి ఎక్స్‌టెన్షన్ బాక్సు వేలాడదీస్తారు. సన్న తీగ, వదులు ప్లగ్గు, లేని ఎర్తింగ్: మంటకు ఇంతకన్నా ఏం కావాలి? విడి లైను, సరైన మందం తీగ, ఎంసీబీ, లీకేజీ బ్రేకర్, మంచి ఎర్తింగ్ పెట్టించిన పాయింటే భద్రం. ఎర్తింగ్ బాగాలేకపోతే చాలా కార్లు అసలు చార్జే తీసుకోవు.

చట్టం ఇప్పటికే కారు యజమాని వైపుంది. 2024 ఫిబ్రవరిలో సవరించిన విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనల ప్రకారం, చార్జింగ్ కోసం విడిగా కనెక్షన్ అడగవచ్చు. మెట్రో నగరాల్లో కొత్త కనెక్షన్ మూడు రోజుల్లో ఇవ్వాలి. కొత్త భవనాల్లో 20 శాతం పార్కింగ్ చార్జింగ్‌కు అనువుగా ఉండాలని కేంద్రం నమూనా నిబంధనల్లో 2019లోనే చేర్చింది. ఇప్పుడు నగర పాలన గ్రేటర్ బెంగళూరు అథారిటీ కింద ఐదు కార్పొరేషన్ల చేతిలో ఉంది. బిల్డర్‌కు ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (భవనంలో జనం ఉండొచ్చనే పత్రం) ఇచ్చేముందు ఒక అధికారి బేస్‌మెంట్‌లోకి దిగి ఆ పాయింట్లు ఉన్నాయో లేవో చూడాలి. బెస్కాం కూడా అసోసియేషన్ ఒప్పుకోలు పత్రం తెమ్మని యజమానిని తిప్పకుండా, ఫలానా భద్రతా ఏర్పాట్లు ఉంటే చాలునని ఒకే పేజీలో రాసి ఇస్తే సగం గొడవలు తీరతాయి.

అద్దెకుండేవాళ్ల సంగతి వేరు. కడప నుంచో నెల్లూరు నుంచో వచ్చి కె.ఆర్.పురంలో, బెళ్లందూరులో పోర్షన్ తీసుకున్న కుర్రాడి కారు వీధిలోనే ఉంటుంది. ఇంటి ఓనరు రెండో మీటరు పెట్టనివ్వడు. మరి ఇతనికి దారి? పగలంతా కారు ఆగి ఉండేది ఆఫీసులో. కేంద్రం 2024 మార్గదర్శకాల ప్రకారం ఉదయం 9 నుంచి సాయంత్రం 4 దాకా, సోలార్ కరెంటు దండిగా వచ్చే వేళలో, చార్జింగ్ స్టేషన్లకు కరెంటును సగటు సరఫరా ఖర్చులో 70 శాతానికే ఇవ్వాలి. టెక్ పార్కుల పార్కింగ్‌లో నాలుగు ఫాస్ట్ గన్‌లు పెట్టి ఫొటో దిగే బదులు, అదే ఖర్చుతో మామూలు సాకెట్లు వరుసగా పెడితే పదింతల మంది కార్లు సాయంత్రానికి నిండుతాయి. ఫాస్ట్ గన్‌కు మధ్యలో మీటింగ్ వదిలి కిందికి పరుగెత్తి కారు తీయాలి, సాకెట్‌కు ఆ టెన్షన్ లేదు.

కొనేవాళ్లు కూడా ఒక విషయం తెలుసుకోవాలి. ఇంటి సాకెట్, గోడ చార్జర్ ఇచ్చే ఏసీ కరెంటుతో చార్జ్ చేసేటప్పుడు వేగం కారు లోపలి చార్జర్‌ను బట్టి ఉంటుంది, గోడ మీది పెట్టెను బట్టి కాదు. 3.3 కిలోవాట్లే తీసుకునే కారును 22 కిలోవాట్ల పాయింటుకు తగిలించినా వచ్చేది 3.3. కొన్ని మోడళ్లలో 7.2కు అదనంగా డబ్బు కట్టాలి. రోజుకు 40 కిలోమీటర్లు తిరిగేవాళ్లకు అది అవసరమే లేదు.

పబ్లిక్ స్టేషన్లలో పోయే టైమ్‌లో సగం చార్జింగ్‌తో సంబంధం లేనిది. యాప్‌లో పచ్చగా కనిపించిన గన్ అక్కడికెళ్తే పలకదు. ఒక్కో కంపెనీకి ఒక్కో యాప్, ఒక్కో వాలెట్, అందులో ముందుగా వేసిన డబ్బు. కొబ్బరిబోండాం కొన్నా యూపీఐతో కట్టే ఊళ్లో ఈ అవస్థ ఏమిటో! ఎలక్ట్రిక్ వాహనాల కోసం కేంద్రం పెట్టిన పీఎం ఈ-డ్రైవ్ పథకంలో చార్జింగ్‌కు రూ.2,000 కోట్లు కేటాయించారు, అన్ని కంపెనీలకూ కలిపి ఒకే యాప్ తెచ్చే బాధ్యతను ప్రభుత్వ రంగ సంస్థ బీహెచ్ఈఎల్‌కు అప్పగించారు. అది త్వరగా రావాలి. ఇంకో మోసం ఉంది: బోర్డు మీద 60 కిలోవాట్లు అని రాస్తారు, రెండో గన్‌కు మరో కారు తగలగానే చెరి 30 అవుతుంది. 35 నిమిషాల పని 70 నిమిషాలు అవుతుంది. పెట్రోలు బంకులో లీటరుకు లీటరు కొలిచి చూపాలనే తూనికల శాఖ, గన్ వారీగా అసలు శక్తి ఎంతో బోర్డు మీద రాయించలేదా? ఈ సేవ మీద 18 శాతం జీఎస్టీ వేయడం కూడా అర్థం కాదు. కారు మీద వేస్తున్నది 5 శాతమే.

ఫాస్ట్ గన్ నిజంగా అవసరమయ్యేది హైవే మీద. హైదరాబాద్ 570 కిలోమీటర్లు. దారిలో ఒకసారైనా ఆగక తప్పదు, చిన్న బ్యాటరీ అయితే రెండుసార్లు. తెలివైన పద్ధతి, ఒక్కచోటే వందకు నింపడం మాని, 15 శాతంతో చేరి 60, 70తో కదలడం, అలా రెండుసార్లు. జాతీయ రహదారులపై ప్రతి 20 కిలోమీటర్లకు ఒక స్టేషన్ ఉండాలన్నది కేంద్రం నియమం. సంఖ్య చూపించడానికి బాగుంటుంది గాని, సంక్రాంతి ముందురోజు చిక్కబళ్లాపూర్ దాటి బాగేపల్లి, పెనుకొండ, గుత్తి మీదుగా బారులు తీరే కార్లకు రెండేసి గన్‌ల స్టేషన్లు ఏ మూలకూ రావు. రెండు గన్‌లు గంటకు పంపగలిగేది మూడు కార్లను. ముందు ఎనిమిది ఉంటే రెండున్నర గంటలకు పైగా అక్కడే. 20 కిలోమీటర్లకు రెండు గన్‌ల కన్నా, 80 కిలోమీటర్లకు పదేసి గన్‌లు ఒకేచోట ఉంటే క్యూ చప్పున కదులుతుంది, ఒకటి పాడైనా తొమ్మిది మిగులుతాయి. అనంతపురం, కర్నూలు దగ్గర, తిరుపతి దారిలో పలమనేరు దగ్గర ఇలాంటి పెద్ద హబ్‌లకు కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ ఇంధన శాఖలు కలిసి స్థలం, లైను చూపిస్తే పెట్టుబడి పెట్టేవాళ్లు దొరుకుతారు. అవి వచ్చేలోగా చేయదగ్గ చిన్న పని ఒకటుంది. పండగ నాలుగు రోజులూ హైవే గన్‌ల దగ్గర 80 శాతం దాటిన తర్వాత యూనిట్ ధర రెట్టింపు చేస్తే, ఢాబాలో టీ తాగుతూ కూర్చున్నవాళ్లు ఎవరూ చెప్పకుండానే లేచి కారు తీస్తారు.