పిలిచారట, నాకే వినపడలేదు

మహారాజశ్రీ కాపీల సెక్షన్ నోటీసు బోర్డు గారి దివ్యసముఖమునకు,

ఉభయకుశలోపరి. తమరు క్షేమంగానే ఉన్నారని నిన్న మధ్యాహ్నం మూడున్నరకి కళ్ళారా చూశాను. అద్దం మీద పగులు ఉన్నచోటే ఉంది, తాళానికి తుప్పు ఇంకాస్త ఎక్కింది. నా సంగతే బాగాలేదు. మా తాత దావా డిక్రీ, అంటే కోర్టు తీర్పు కాగితం, నకలు కోసం పెట్టిన నా కాపీ అప్లికేషన్ కొట్టేశారు. "స్టాంపులు పిలిచాం, మీరు వెయ్యలేదు" అన్నారు కౌంటర్లో. ఎప్పుడు పిలిచారండీ అని అడిగితే, తలెత్తకుండానే పెన్ను తమరి వైపు చూపించారు.

తమరు విశాఖపట్నంలో ఏ కోర్టు వరండాలో వేలాడుతున్నారో రాయను. కాపీకి పెట్టుకున్నవాళ్ళు ఎలాగూ గుర్తుపడతారు. పెట్టుకోనివాళ్ళు తాతల ఆస్తి లేని అదృష్టవంతులు, వాళ్ళకి చెప్పినా తలకెక్కదు.

ముందు ఈ "పిలవడం" సంగతి తేల్చుకుందాం. మా ఇళ్ళల్లో పిలవడమంటే గడపలోకొచ్చి, బొట్టు పెట్టి, "పిల్లల్తో సహా రావాలి వదినా" అని రెండుసార్లు చెప్పడం. ఎదురింటివాళ్ళు శుభలేఖ గేటులో పడేసి పోయారని మా మేనత్త ఇరవయ్యేళ్ళుగా వాళ్ళ గుమ్మం తొక్కలేదు. తమరి పిలుపు తీరు వేరు. గుమస్తాగారు ఎవరి నకలుకి ఎన్ని స్టాంపులు కావాలో ఒక జాబితా ప్రింటు తీసి, నాలుగు గుండుసూదులతో తమరికి గుచ్చి, అద్దం తలుపు మూసి తాళం వేసుకుని వెళ్ళిపోతారు. పిలవడం అయిపోయింది. గడువులోగా పలక్కపోతే దరఖాస్తు కూడా అయిపోతుంది.

బొట్టు పెట్టమని నేనడగలేదండీ. దరఖాస్తులో ఫోన్ నంబరుకి ఒక గడి ఉంది. పది అంకెలూ ముత్యాల్లా రాశాను. ఆ గడి దేనికి పెట్టినట్టు? గ్యాసు బండ బయల్దేరితే మెసేజీ వస్తుంది. కరెంటు బిల్లు కట్టకపోతే వస్తుంది, కట్టినా వస్తుంది. మా వీధిలో కూరగాయల బండతను ములక్కాడలొచ్చాయని వాట్సాప్ పెడతాడు. మా తాత డిక్రీకి ఎన్ని స్టాంపులు కావాలన్న ముక్క ఒక్కటే అద్దం వెనక గుండుసూది కింద దాక్కోవాలి.

నేను రాలేదా అంటే, వచ్చాను. సోమవారం దరఖాస్తు వేశాను. బుధవారం వస్తే, కేసు కాగితాల కట్ట ఇంకా రికార్డు రూములోంచి దిగలేదన్నారు. శుక్రవారం వచ్చాను. తమరి ఎదురుగా నిలబడి, కళ్ళజోడు తుడుచుకుని, పైనుంచి కిందిదాకా చదివాను. పాత కుర్చీలూ ఇనప బీరువాలూ వేలం వేస్తామన్న ప్రకటన చదివాను. దాని గడువు దాటి ఏడాదయింది. ఉమ్మివేయరాదన్నది కూడా చదివాను. నా నంబరు లేదు. ఆ పై వారం మా అమ్మకి కంటి ఆపరేషను, కదల్లేకపోయాను. నిన్న వచ్చాక తెలిసింది, శుక్రవారంనాడే నా నంబరు ఉందట. తమరి మీదే ఉందట. వేలం కాగితం కింద.

కింద!

సింహాద్రి అప్పన్న ఏడాది పొడుగునా చందనం కప్పుకుని, ఒక్క అక్షయ తృతీయనాడే నిజరూపం చూపిస్తాడు. సరే, ఆయన దేవుడు. పైగా ఆ రోజు ఎప్పుడో పంచాంగంలో ముందే వేస్తారు, కొండకి స్పెషల్ బస్సులు నడుపుతారు, క్యూలో ఉన్నవాళ్ళకి మజ్జిగ పోస్తారు. తమరూ పొర మీద పొరగా కాగితం పూసుకుని కూర్చున్నారు. తమరి నిజరూప దర్శనం ఏ తిథినాడో నేను ఏ సిద్ధాంతిని అడగాలి? అటెండరుని అడిగాను. అతను నన్ను జాలిగా చూశాడు.

"ఆ లిస్టు మొన్ననే తీసీసేం బాబూ. తలుపు తీసి, కింద కాయితాలు కూడా సూసుకోవాల మరి."

తాళం చెవి ఎవరి దగ్గరుంది?

"నా దగ్గరే ఉంది. అడగాల."

ఇంతకీ నేనడిగింది ఎవరి గుట్టూ కాదు. మా తాతగారు 1974లో అన్నదమ్ముల మీద వేసిన ఆస్తి పంపకాల (పార్టిషన్) దావా డిక్రీ. సబ్బవరం దగ్గర 62 సెంట్లు. కొనేవాళ్ళ లాయరు, భూమి ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో చూపే లింకు డాక్యుమెంట్లన్నీ చూసి, ఈ ఒక్కచోట లింకు తెగిందన్నాడు. ఓ.ఎస్. నంబరు, అంటే దావా నంబరు, ట్రంకుపెట్టెలో, వకీలుగారి ఫీజు రసీదు వెనక దొరికింది. దొరికింది కాబట్టి సరిపోయింది. నంబరు, సంవత్సరం, కోర్టు పేరు, ఈ మూడూ చేతిలో లేకుండా రికార్డు రూముకి వెళ్ళడం ఆటో చార్జీ దండగ. ఆన్‌లైన్లో చూసుకోవచ్చు కదా అన్నాడు మా అబ్బాయి. ఈ-కోర్టుల సైటు తెరిస్తే ప్రతి కేసుకీ కంప్యూటరు ఇచ్చే పదహారు అక్షరాల సీఎన్ఆర్ నంబరు అడిగింది. అలాంటి నంబర్లు పుట్టకముందే ఆ దావా తేలిపోయింది. రసీదు మీద ఉన్నదేమో మునసబు కోర్టు. ఇప్పుడు దాన్ని జూనియర్ సివిల్ జడ్జి కోర్టు అంటున్నారు. ఊరు 2022 ఏప్రిల్ 4 నుంచి అనకాపల్లి జిల్లాలోకి పోయింది. కట్ట మాత్రం ఎక్కడికీ పోలేదని ధైర్యం చెప్పారు.

ఆ తర్వాత, "మీరు దావాలో పార్టీ కాదు కదా, పార్టీ రావాలి" అన్నారు. పార్టీ 1989లోనే కాలం చేసి చావులమదుం దాటి వెళ్ళిపోయారండీ అన్నాను. పార్టీకైతే కాపీ అడిగే హక్కు ఉంది. బయటివాడైతే అఫిడవిట్ పెట్టి పిటిషన్ వేసుకుని, జడ్జిగారి ఉత్తర్వు తెచ్చుకోవాలి. సొంత మనవణ్ణి ఆ లెక్కలో బయటివాణ్ణి. తెచ్చుకున్నాను. ఆ గండం గట్టెక్కాక వేసిందే ఆ సోమవారం దరఖాస్తు.

రిజిస్ట్రేషన్ వాళ్ళ మీద, రెవెన్యూ వాళ్ళ మీద ఈ ఉత్తరంలో పెద్దగా రాయను, వాళ్ళకి విడిగా రాయాల్సినంత ఉంది. ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపే ఈసీ 1983 నుంచి అయితే కంప్యూటర్లో వచ్చేస్తుంది. అంతకు ముందుది కావాలంటే ఇండెక్సు పుస్తకాలు చేత్తో తిరగెయ్యాలి. 1908 రిజిస్ట్రేషన్ చట్టం 57వ సెక్షన్ ప్రకారం స్థిరాస్తి దస్తావేజులు ఎక్కించే ఒకటో పుస్తకమూ దాని ఇండెక్సులూ ఫీజు కట్టిన ఎవరైనా చూడొచ్చు. ఆ మాటంటే "మీరు లాయరా?" అని అడిగారు. కాదన్నాక ఇంకో గంట కూర్చోబెట్టారు. రెవెన్యూలో భూమి రికార్డులైన అడంగలూ వన్-బీ మీభూమి సైటులో ఇంట్లో కూర్చునే చూసుకోవచ్చు, నిజమే. కానీ మా వైపు జమీందారీ ఊళ్ళ అసలు పుట్టుక, 1948 ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చాక రాసిన సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్‌లో ఉంటుంది. ఆ ఎస్.ఎఫ్.ఏ. కాపీ అడిగితే టీ తాగి రమ్మన్నారు. మూడు రోజులు తాగాను. నాలుగోరోజు వరండా చివర నుంచి "సార్, దొరికింది, రండి!" అని ఒక కుర్రాడు కేకేశాడు. కేకేశాడండీ, నోటితో. అందుకే వాళ్ళ మీద నాకు కోపం నిలవదు.

తమరిని తప్పించుకుందామని కూడా చూశాను, దాచడమెందుకు. సమాచార హక్కు దరఖాస్తు పడేద్దామనుకున్నాను. పది రూపాయలు, ముప్ఫై రోజులు. మండలాఫీసుకైతే ఫీజు అయిదే. బీచ్ రోడ్డులో నాతో నడిచే రిటైర్డ్ ప్లీడరుగారు ఆపేశారు. "కోర్టు కాగితాలకి అది పనికిరాదోయ్. కోర్టు రూల్సు ప్రకారమే కాపీకి వెళ్ళమని 2020లో గుజరాత్ హైకోర్టు కేసులో సుప్రీంకోర్టే చెప్పింది." చుట్టూ తిరిగి మళ్ళీ తమరి పాదాల దగ్గరికే.

ఆయనే ఇంకో మాట కూడా చెప్పారు. నకలు చేతికొచ్చాక దాని వెనక తేదీల పట్టీ చూడమన్నారు. దరఖాస్తు చేసిన తేదీ, స్టాంపులు పిలిచిన తేదీ, వేసిన తేదీ, నకలు తయారైన తేదీ, ఇచ్చిన తేదీ. అప్పీలు గడువు లెక్కలోంచి నకలుకి పట్టిన రోజులు తీసేస్తారు, 1963 కాలపరిమితి చట్టం 12వ సెక్షన్. కానీ తమరు పిలిచాక మనం పలకని రోజులు మన నెత్తినే. నాది యాభై ఏళ్ళనాటి డిక్రీ, నాకు అప్పీలు బెంగ లేదు. మొన్ననే ఓడిపోయినవాడి సంగతేమిటి? అంత పట్టీలోనూ "వినపడిన తేదీ" అని ఒక్క గడి లేదు.

ఇలాగే మర్యాదగా ముగించేవాణ్ణి. కానీ నిన్న నాలుగింటికి, నేను మెట్లు దిగుతుంటే, ఒక ముసలావిడ నా చొక్కా పట్టుకుంది.

"బావూ, నా నెంబరుందేటో సూడు బావూ."

పాలిథిన్ కవరులో మడతలుపెట్టిన చీటీ. ఆనందపురం అవతల నుంచి వస్తోందట, మూడోసారి. చదువు రాదు. ఎవరో ఒకళ్ళు చదివి చెప్తారు, లేదంటే తిరిగి వెళ్ళిపోతుంది. తాళం తీయించాను. పై కాగితం ఎత్తాను, దాని కిందిది ఎత్తాను. మూడో కాగితంలో ఉంది ఆవిడ నంబరు. గడువు ఆ సాయంత్రంతో సరి.

ఇప్పుడు చెప్పు. ఆవిణ్ణి నువ్వెలా పిలిచావు? నాకు చదువొచ్చు, కళ్ళజోడుంది, నీకు ఉత్తరం రాసే తీరికుంది. అక్షరం రాని మనిషిని అద్దం వెనక, మూడు కాగితాల అడుగున, ఇంగ్లీషులో పిలిచి, పలకలేదని కొట్టేస్తారా? ఎవరికి చెప్పుకుంటుంది ఆవిడ? పది అడుగుల అవతల, హాలు గుమ్మంలో, కేసు పిలిచినప్పుడల్లా బంట్రోతు మూడేసిసార్లు అరుస్తాడు. టీ కొట్టు దగ్గర గ్లాసు కింద పెట్టేసి పరిగెత్తుకొస్తారు జనం. ఆ గొంతు ఈ వరండాలోకి రాదేం? రోజూ సాయంత్రం ఆ జాబితా ఒక్కసారి పైకి చదివితే అయిదు నిమిషాలు పట్టదు. అయిదు నిమిషాలు! సిగ్గుండక్కర్లేదా?

క్షమించాలి. తమరు కొయ్యముక్క, తమరిననేం లాభం.

స్టాంపు వెండరు గొడుగు మడిచేస్తుంటే పట్టుకున్నాం. నాలుగూ ఇరవైకి ఆవిడ స్టాంపులు వేశాం. గుమస్తాగారు గడియారం చూశారు, ఆవిణ్ణి చూశారు, ఏమీ అనకుండా తీసుకున్నారు. ఆవిడ సంచీలోంచి రెండు జామకాయలు తీసి నా చేతిలో పెట్టింది. ఒకటి అటెండరుకిచ్చాను, తాళం తీసినందుకు.

ఈరోజు పొద్దున్న నా దరఖాస్తు మళ్ళీ వేశాను. కొత్త నంబరొచ్చింది. రేపటి నుంచి రోజూ పదిన్నరకి వస్తాను, తాళం చెవి అడుగుతాను, కాగితాలన్నీ ఎత్తి చూస్తాను. చుట్టుపక్కల చదువు రానివాళ్ళెవరైనా ఉంటే వాళ్ళ నంబర్లు కూడా చూసిపెడతాను. అటెండరుకి ఇప్పటికే అలవాటయినట్టుంది, నన్ను చూడగానే జేబు తడుముకున్నాడు.

ఇట్లు,
తమరు పిలిచిన, తమరికి పలకని
కొట్టివేయబడిన కాపీ దరఖాస్తుదారు

తా.క.: వేలం ప్రకటన ఇవాళ నేనే పీకేశాను. ఏడాదిగా పిలుస్తోంది, ఎవరూ పలకలేదు.