ఫోన్ అంతా "బటన్... బటన్..." అంటుంది
కేవైసీలో (మనం ఎవరో బ్యాంకు నిర్ధారించుకునే తనిఖీలో) కెమెరా ముందు కళ్ళార్పమంటే చూపు లేనివాళ్ళకి కుదరదనే గొడవ మీద 2025 ఏప్రిల్ 30 నాటి సుప్రీంకోర్టు తీర్పు గురించి బాగా రాశారండి, డిజిటల్ సేవలు అందడం కూడా రాజ్యాంగం ఆర్టికల్ 21 (జీవించే హక్కు) కింద హక్కే అని కోర్టు అంది, సంతోషం. కానీ మా ఇంట్లో సంగతి వినండి. మా చిన్నాన్నకి చూపు లేదు, టాక్‌బ్యాక్ (ఫోన్ తెర మీదున్నది చదివి వినిపించేది) పెట్టుకుని వాట్సాప్ నాకంటే స్పీడుగా వాడతాడు. అదే బ్యాంకు యాప్ తెరిస్తే ఫోను "బటన్, బటన్" అంటుందే గానీ ఏది బ్యాలెన్సో ఏది ట్రాన్స్‌ఫరో చెప్పదు, ఎందుకంటే ఆ ఐకాన్లకి లేబుల్ (ఫోను చదివి చెప్పే పేరు) పెట్టలేదు. ఒక్కోదానికి ఒక్క లైను కోడ్ అంతే (నేనూ అదే ఫీల్డు లెండి, మా టీములో కూడా దీన్ని చివరికి నెట్టేస్తాం, సిగ్గుగానే ఉంది). ఇక సెల్ఫీ దగ్గర మొహం గుండ్రంలో పెట్టమంటుంది, ఆ గుండ్రం ఎక్కడుందో చెప్పదు, ఆయన ఫోన్ పైకీ కిందకీ జరుపుతూ ఉంటే టైమౌట్, మళ్ళీ మొదట్నుంచి. మూడుసార్లయ్యాక నన్ను పిలిచి ఫోనూ పిన్నూ రెండూ నా చేతిలో పెట్టాడు. జీతం ఎంతో పిన్నికి కూడా చెప్పని మనిషి! 2016 వికలాంగుల హక్కుల చట్టం వచ్చి ఇన్నేళ్ళయింది, ఆ యాప్‌కి మొన్న కొత్త అప్‌డేట్ వచ్చింది, చూస్తే రంగులు మార్చారు.