పసుపు అంటని శుభలేఖ

ప్రెస్సు నుంచి ఇంటికి వచ్చి రెండు గంటలైంది, ఇంకా నా కడుపు మంట చల్లారలేదు. మా మేనకోడలు ఎంబీబీఎస్ పూర్తి చేసినందుకు పై ఆదివారం ఒడిశాలోని మా ఊరు పర్లాకిమిడిలో విందు పెట్టుకున్నాం. దానికోసం అచ్చు వేయించిన 250 కార్డులు తెచ్చుకుందామని సాయంత్రం వెళితే, అక్కడ పనిచేసే ఒడియా కుర్రవాడు కట్ట కట్టబోతూ చేయి ఆపి, "తెలుగు పేజీ తీసేయమన్నారు, మీకు తెలుసు కదా సార్?" అని అడిగాడు. నాకు తెలియదు. విప్పి చూస్తే ముందు ఇంగ్లీషు, లోపల ఒక పక్క ఒడియా, రెండో పక్క తెలుగు ఉండవలసిన చోట నల్ల గౌనూ పలక టోపీ వేసుకున్న మా పిల్ల ఫొటో ఉన్నాయి.

అక్కడి నుంచే హైదరాబాదులో ఉన్న మా అన్నయ్య కొడుక్కి ఫోన్ చేశాను, ఈ ఏర్పాట్లన్నీ వాడే నెత్తిన వేసుకున్నాడు కనుక. "చోటు చాల్లేదు చిన్నాన్నా, అయినా ఒడిశాలో తెలుగు ఎవరు చదువుతారు?" అన్నాడు.

ఎవరు చదువుతారో చెబుతాను. మా అమ్మ చదువుతుంది. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి, తెలుగు తప్ప మరో లిపి రాదు. ఒడియా గడగడా మాట్లాడుతుంది, బజారులో బేరాలన్నీ ఒడియాలోనే ఆడుతుంది, కానీ అక్షరం మాత్రం తెలుగు అక్షరమే. ఈ పిల్ల చిన్నప్పటి నుంచి మా ఇంట్లోనే, ఆమె చేతుల మీదే పెరిగింది. అమ్మ ఒత్తి ఎండబెట్టి అమ్మిన మినప అప్పడాల డబ్బుతోనే దాని కోచింగు ఫీజు కట్టాం. నాలుగున్నరేళ్ళ చదువు, ఆపైన ఏడాది ఇంటర్న్‌షిప్ అయ్యేదాకా ప్రతి నెలా బరంపురం హాస్టలుకు వెళ్ళిన ఊరగాయ జాడీ మీద దాని పేరు తెలుగులో రాసి అతికించినది కూడా ఆవిడే. అటువంటి మనిషికి తన మనుమరాలి విందు కార్డులో చదువుకోవడానికి ఒక్క ముక్క లేకుండా చేశారు.

ఆ ముక్క కూడా ఆమె రాసిందే. రెండు సాయంత్రాలు కూర్చుని, గీతల కాగితం మీద, కొట్టివేతలు లేకుండా మూడుసార్లు తిరగరాసింది. "మా మనుమరాలి స్నాతకం సందర్భమున" అని మొదలుపెట్టింది. మా కుర్రవాళ్ళు దానిని చూసి, స్నాతకం అంటే పెళ్ళిలో చేసేది కదా, మామ్మ పొరపాటు పడింది అన్నారు. పొరపాటు ఆమెది కాదు. గురువు దగ్గర చదువు ముగించుకుని స్నానం చేసి ఇంటికి తిరిగి వచ్చేవాడే స్నాతకుడు. పెళ్ళికి ముందు వరుడికి స్నాతకం చేయడం అందుకే, చదువు అయిపోయింది, ఇక గృహస్థు కావచ్చు అని చెప్పడానికే. విశ్వవిద్యాలయాలు పట్టాలు ఇచ్చే సభను స్నాతకోత్సవం అంటున్నది కూడా ఆ మాట నుంచే. ఇంత సరైన మాట మా ఇంట్లోనే ఒక ముసలామె రాసి ఇస్తే, దానిని పక్కన పడేసి 'గ్రాడ్యుయేషన్ పార్టీ' అని బంగారు రంగులో అచ్చు వేయించుకున్నారు.

ఆ రంగు సంగతి కూడా చెప్పాలి. ఈ విందుకు 'బ్లాక్ అండ్ గోల్డ్ థీమ్' అని వాట్సాప్ గ్రూపులో నిర్ణయం జరిగిపోయింది. బెలూన్లు నలుపు, ఫ్లెక్సీ నలుపు, కార్డు నలుపు. నేను కట్ట తీసుకుని ఇంటికి వచ్చేసరికి అమ్మ గిన్నెలో పసుపు కలుపుకుని సిద్ధంగా కూర్చుంది. శుభలేఖ నాలుగు మూలలా పసుపు పెట్టనిదే మా ఇంటి గడప దాటదు. ఉంగరపు వేలు పసుపులో ముంచి మొదటి కార్డు మూలకు అద్దింది. నున్నటి లామినేషన్ మీద అది నిలవలేదు, నీటిచుక్కలా జారింది. మళ్ళీ అద్దింది. నలుపు మీద ఏదో మట్టి మరకలా కనిపించింది తప్ప పసుపులా కనిపించలేదు. చీర కొంగుతో తుడిచి, కార్డు తెరిచి, కళ్ళజోడు సర్దుకుని ఈ పక్కా ఆ పక్కా రెండుసార్లు తిప్పి చూసింది. ఆ తరువాత నా వైపు చూసి, "నేన్రాసిన కాయితం ఆళ్ళకి అందలేదేట్రా?" అని అడిగింది.

ఏం చెప్పను? అందిందమ్మా, చోటు చాలలేదట అని చెప్పమంటారా? గౌనుకు చాలిన చోటు, అందులోనూ ఫొటో కోసం అద్దెకు తెచ్చిన గౌనుకు చాలిన చోటు, నీ ఆరు వాక్యాలకు చాలలేదట అని చెప్పమంటారా?

నన్ను అన్నిటికంటే ఎక్కువ బాధించినది మరొకటి ఉంది. ప్రతి ఏటా ఆగస్టు 29న మా కుటుంబ గ్రూపులో గిడుగు రామమూర్తి పంతులుగారి ఫొటో పెట్టి, తెలుగు భాషా దినోత్సవ శుభాకాంక్షలు అని అందరికంటే ముందు రాసేది మా అన్నయ్య కొడుకే. ఆయన ముప్ఫై ఏళ్ళు పాఠాలు చెప్పిన ఊరు మా పర్లాకిమిడి. చుట్టుపక్కల కొండల్లోని సవరల భాష నేర్చుకుని వాళ్ళ పిల్లల కోసం బడులు పెట్టించినది ఇక్కడి నుంచే. 1936లో ఈ ఊరు ఒడిశాలో చేరినప్పుడు మనసు ఒప్పక రాజమహేంద్రవరం వెళ్ళిపోయారు. సామాన్యుడికి అర్థమయ్యే తెలుగు కోసం జీవితమంతా వాదించిన ఆ మనిషి ఫొటో పెట్టిన చేయే, అదే ఊళ్ళో, తన సొంత మామ్మకు అర్థమయ్యే ఆరు వాక్యాలను కొట్టివేయించింది.

ఒడియా పేజీ మీద నాకు ఏ అభ్యంతరమూ లేదు, దానిని ఉంచమని మొదట చెప్పినది నేనే. మేము ఈ రాష్ట్రం మనుషులం. పిల్ల చదివిన బరంపురం మెడికల్ కాలేజీకి ఉన్నది మా ఊరి మహారాజు కృష్ణచంద్ర గజపతి పేరే. ఒడిశా ప్రత్యేక రాష్ట్రం కోసం పాటుపడి, 1937లో దానికి మొదటి ప్రధాని, అంటే ఇప్పటి మాటలో ముఖ్యమంత్రి, అయినది ఆయనే. మా పక్కింటి ఒడియా మాస్టారు, అరుగు మీద కూర్చున్న అమ్మను చూసి సంగతి తెలుసుకుని, "మౌసీకి తెలుగు కార్డు లేకపోతే ఎలాగండీ" అని నొచ్చుకున్నారు. ప్రెస్సు కుర్రవాడికి తోచింది, పక్కింటాయనకు తోచింది, మావాళ్ళకే తోచలేదు.

మా పిల్లలు చదివిన బడిలో తెలుగు మాస్టారు రిటైరైన తరువాత ఆ కుర్చీలో మళ్ళీ ఎవరూ కూర్చోలేదు. అప్పుడు నలుగురు తండ్రులం కలిసి అర్జీ పెట్టుకుంటే, "మీ పిల్లల్లో తెలుగు ఎంతమందికి కావాలి?" అని అడిగారు. ఇళ్ళకు వెళ్ళి అడిగి సంతకాలు తెమ్మన్నారు. తెలుగువాళ్ళ ఇళ్ళల్లోనే సగంమంది, ఎందుకులెండి, పనికొచ్చేది చదవనివ్వండి అన్నారు. ఆ పోస్టు పోయింది. మేనకోడలికి తెలుగు చదవడం వచ్చిందంటే అమ్మ పలక మీద దిద్దించడం వల్లనే. ఎవరు చదువుతారని ఈ రోజు ఫోనులో విన్నప్పుడు, ఆ సంతకాల కాగితం పట్టుకుని ఎండలో గడప గడపకూ తిరిగిన రోజు మళ్ళీ నా కళ్ళ ముందుకు వచ్చింది.

పాతపట్నం, టెక్కలి, గుణుపురం, రాయగడల నుంచి వచ్చే మా పెద్దవాళ్ళలో తెలుగు మాత్రమే చదవగలిగినవాళ్ళు పాతికమందికి తక్కువ ఉండరు. వాళ్ళకు ఇంగ్లీషు కార్డు చేతిలో పెట్టి, తేదీ ఏమిటో మనుమడి చేత చదివించుకోమని చెప్పే ధైర్యం నాకు లేదు.

గ్రూపులో ఉన్న మావాళ్ళంతా ఇది చదువుతారని తెలిసే ఇక్కడ రాస్తున్నాను. నల్ల కార్డులు మీరు మీ స్నేహితులకు పంచుకోండి, నేను వద్దనను. వంద కార్డులు పసుపు రంగు మామూలు కాగితం మీద, లామినేషన్ లేకుండా, అమ్మ రాసినది రాసినట్టుగా, 'స్నాతకం' అనే మాటతో సహా వేయించబోతున్నాను. ఖర్చు నాది. ప్రెస్సు కుర్రవాడు రేపు మధ్యాహ్నానికి ఇస్తానన్నాడు. ఫ్లెక్సీ మీద కూడా పిల్ల పేరు తెలుగులో ఉండాలి. దానిని ఇంకా అచ్చుకు ఇవ్వలేదని మా బావ చెప్పాడు కనుక ఈ రాత్రికే మార్చండి. పసుపు గిన్నె మీద అమ్మ మూత పెట్టి ఉంచింది.