మహారాజశ్రీ అల్యూమినియం పెట్టెగారి సముఖానికి

అయ్యా,

ఇక్కడ నేను క్షేమం. అక్కడ తమరు క్షేమంగా లేరని తమరి ఎడమ మూల చూస్తేనే తెలుస్తోంది. అక్కడ అంటే ఎక్కడో కాదు, మంచం పక్కనే. గోడకి మొహం పెట్టి నిలబెట్టాను. మొహం చూస్తూ రాస్తే ఈ ఉత్తరం మర్యాదగా సాగదని.

నిజానికి నేను కూర్చున్నది విమానసంస్థకి ఫిర్యాదు రాయడానికి. చెకిన్ లగేజీ దెబ్బతింటే, చేతికి అందిన 7 రోజుల్లోగా రాతపూర్వకంగా తెలియజేయాలని 1999 నాటి మాంట్రియల్ ఒప్పందంలో ఉంది. గడువు దాటకుండా, ఫొటోలు జతచేసి, బుద్ధిగా ఫారం నింపుతున్నాను. ‘నష్టం ఎలా జరిగింది?’ అనే గడి దగ్గర చెయ్యి ఆగిపోయింది. ఎలా జరిగిందా అని వెనక్కి తవ్వుకుంటూ పోతే లోడర్ని దాటి, గేటు దాటి, కాటా దాటి, చివరికి తమరి దగ్గర తేలాను. అందుకే ఆ ఫారం పక్కన పెట్టి ముందు ఇది.

తమరికంటే ముందు నా దగ్గర రెండు పెట్టెలు పనిచేసి వెళ్లిపోయాయి. గుడ్డ పెట్టెకి జిప్పు పళ్లు ఊడాయి. పాలీకార్బొనేట్ అనే గట్టి ప్లాస్టిక్ పెట్టె, చక్రం బిగించిన మూల దగ్గర చీలింది. నెలకి నాలుగైదుసార్లు విమానం ఎక్కే ప్రాణం కదా, ఇక జన్మకి ఒక్కటే పెట్టె అని ఒట్టు పెట్టుకున్నాను. మూడు వారాలు అదే పనిగా చదివాను. చదివినవన్నీ మనసులో పెట్టుకుని తమరి మూత మీద బొటనవేలితో నొక్కి చూశాను. రేకు పల్చనైతే డబ్బా మూతలా లోపలికి పోయి టక్కుమని తిరిగొస్తుంది. తమరు కదల్లేదు. తలకిందులు చేసి చక్రాలు చూశాను. పెట్టెలో ముందు పోయేది చక్రమే, స్క్రూలుంటే మార్చుకోవచ్చు, రివెట్లు కొట్టేస్తే కొట్టేసినట్టే. చట్రం మాత్రమే అల్యూమినియం పెట్టి, మిగతా ఒళ్లంతా వెండిరంగు ప్లాస్టిక్‌తో తిరిగే మారువేషగాళ్లని నలుగుర్ని పట్టుకుని పక్కకి నెట్టాను. ఇంత పరీక్షా చేసి, చీటీ మీద బరువు దగ్గరికొచ్చేసరికి, ‘గట్టి వస్తువు, ఆమాత్రం ఉండదా’ అనుకున్నాను.

నాలుగున్నర కిలోలు.

కేబిన్లోకి చాలా సంస్థలు అనుమతించేది 7 కిలోలు. కొందరు 8 అంటారు, దయగలవాళ్లు 10 అంటారు, కొందరైతే అసలు తూచరు, వాళ్ల కడుపు చల్లగా ఉండాలి. నేను తిరిగే దారుల్లో మాత్రం ఏడే. ఏడులో నాలుగున్నర తమరే. మిగిలిన రెండున్నరలో ల్యాప్‌టాప్, చార్జరు కలిసి ఒకటీ ముప్పావు. అంటే మూడు రోజుల పనికి నా బట్టలకని తమరు వదిలింది ముప్పావు కిలో. ఒక్క జీన్స్ ప్యాంటే దాదాపు అంత తూగుతుంది. ప్యాంటు పెట్టుకుంటే చొక్కా లేదు, చొక్కాలు పెట్టుకుంటే టూత్‌పేస్ట్ లేదు. ల్యాప్‌టాప్‌ని వేరే సంచీలో పట్టుకెళ్లొచ్చుగా అంటారు తెలివైనవాళ్లు. రెండూ కలిపి ఏడు అనే సంస్థలు వాళ్లకింకా తగల్లేదు.

నిన్న సాయంత్రం గేటు దగ్గర జరిగిందంతా తమరికి తెలుసు, తమరు కాటా మీదే ఉన్నారు. 8.1. ఆ అమ్మాయి నవ్వుతూనే “ఒక కిలో తగ్గించండి మేడమ్” అంది. వెనక క్యూ అంతా చూస్తుండగా మోకాళ్ల మీద కూర్చుని తమరిని పుస్తకంలా తెరిచాను. చార్జరు కోటు ఎడమ జేబులోకి. పవర్‌బ్యాంకు కుడి జేబులోకి. స్వెట్టరు ఒంటి మీదికి, దాని మీద మళ్లీ కోటు. మళ్లీ కాటా. 7.4. అప్పుడడిగింది, “ఖాళీ పెట్టె బరువెంత మేడమ్?” ఎగతాళిగా అడిగి ఉంటే తిట్టుకునేదాన్ని. మామూలుగానే అడిగింది. “నాలుగున్నర” అన్నాను, ఒకప్పుడు స్నేహితుల దగ్గర గొప్పగా చెప్పిన అంకెని గొంతు తగ్గించి. తమరి పిడికి ట్యాగు చుడుతూ, “మరి ఇందులో ఏం పెట్టుకుంటారు?” అంది.

కింద సరుకుల్లోకి వెళ్తోంది కాబట్టి ల్యాప్‌టాప్ బయటికి తీశాను. తీశాక చెయ్యి పెట్టి ఎత్తి చూస్తే తమరు ఏడుకి కిందే ఉన్నారు. మళ్లీ తూచమన్నాను. ట్యాగు పడ్డాక తీయడం కుదరదంది.

ఇక ఈ తమరు, అయ్యా నావల్ల కాదు. నువ్వు అనే అంటాను, ఏమనుకుంటావో అనుకో.

నాకొక్కటి చెప్పు. కేబిన్లో నిన్ను కొట్టేదెవరు? తల మీద అరలో నీకు అటుపక్క ఎవరిదో మడతపెట్టిన దుప్పటి, ఇటుపక్క ఎవరిదో కోటు. పొరపాటున దెబ్బ తగిలితే వాళ్లకి తగలాలి గానీ నీకు కాదు. నీ జీవితంలో అతిపెద్ద ప్రమాదం ఎయిర్‌హోస్టెస్ మూత వేసేటప్పుడు కొంచెం గట్టిగా వేయడం. ఆ చోటికి పోవడానికి నీకెందుకు ఇంత కవచం? కవచం కావాల్సింది కింద, సరుకుల గదిలో, బెల్టుల మీద, విసిరే చేతుల మధ్య. నువ్వు అక్కడికి వెళ్లకూడదనే కదా నిన్ను చిన్న సైజులో చేసింది, చిన్న సైజులో నేను కొన్నది! యుద్ధం లేని చోటికి కవచం తొడుక్కుని బయల్దేరావు. ఆ కవచం బరువుందని నిన్ను యుద్ధానికే పంపించారు. అక్కడ ఆ కవచం ఒక్క పూట ఆగలేదు. కర్ణుడి కవచాన్ని మాయ చేసి అడిగి తీసుకున్నారు గానీ, కనీసం కాటా వేసి తీసుకోలేదు.

నీలాంటి బరువైన పెట్టెలు కొనేవాళ్లంతా ఈ లెక్క వేసుకుని కొంటున్నారా అని నా అనుమానం. నేను వేసుకోలేదు. గట్టిది అంటే మంచిది అనుకున్నాను. అల్యూమినియం తేలిక లోహం అని చిన్నప్పుడు చదువుకున్నది బుర్రలో ఉండిపోయింది. తేలికే, ఇనుముతో పోలిస్తే. నీళ్లని 1 అనుకుంటే అల్యూమినియం 2.7, పాలీకార్బొనేట్ 1.2. నీకు పోటీ ఇనప్పెట్టె కాదు కదా, ఆ ప్లాస్టిక్ పెట్టె. ఇంకా ఘోరం ఏంటంటే, అది దెబ్బ తగిలితే లోపలికి పోయి మళ్లీ ఉబ్బుతుంది. మరీ పెద్ద దెబ్బయితే చీలుతుంది, కాదనను. నువ్వు చీలవు, ఉబ్బవు. అవమానం జరిగితే జన్మంతా మొహం మీద పెట్టుకుని తిరుగుతావు. గట్టిపడాలని ఎంత మెగ్నీషియం కలిపినా చివరికి సత్తు సత్తే.

నీ ఒంటి మీది ఉబ్బెత్తు గీతలకి పెద్ద వంశచరిత్ర ఉందని కూడా ఆ మూడు వారాల్లోనే చదివాను. 1919లో ఎగిరిన యుంకర్స్ ఎఫ్ 13 విమానానికి ఒళ్లంతా ముడతల రేకు. రేకు మందం పెంచకుండా ముడత పెడితే వంగకుండా నిలబడుతుంది, అదీ కిటుకు. జర్మనీలో రిమోవా వాళ్లు 1937లో అల్యూమినియం ట్రంకు చేశారు, 1950లో ఆ విమానాన్ని తలుచుకుని పెట్టెలకి గీతలు పెట్టారు. నిన్ను చేసింది వాళ్లు కాదు, గీతలు మాత్రం అక్కడివే. అంటే నువ్వు విమానం చర్మం కప్పుకుని పుట్టావు. విమానం చర్మం కప్పుకుని కూడా విమానంలో సీటు పైకి ఎక్కలేకపోయావు! 1969లో మొదటిసారి చంద్రుడి మీది రాళ్లు వచ్చింది కూడా అల్యూమినియం పెట్టెల్లోనే, 21 కిలోల పైచిలుకు. అక్కడ గేటు లేదు కాబట్టి సరిపోయింది.

సెక్యూరిటీ దగ్గర నీ సంగతి వేరే చెప్పాలా? ముందు జేబు లేదు. ల్యాప్‌టాప్ కావాలంటే నిన్ను నేల మీద పడుకోబెట్టి రెండు చెక్కలుగా విప్పాలి. ఇద్దరు మనుషులు నిలబడే చోటు కావాలి. నా లోబట్టల రంగులు ఈపాటికి నాలుగు విమానాశ్రయాల సిబ్బందికి తెలిసి ఉంటాయి. ఇక సైజు. చీటీ మీద వెడల్పు 20 సెంటీమీటర్లు. చక్రాలు, బంపర్లు కలిపితే 23. సైజు చూడ్డానికి గేటు దగ్గర పెట్టే కొలత చట్రంలోకి గుడ్డ పెట్టెనైతే మోకాలితో తొయ్యొచ్చు, నిన్ను తోస్తే చట్రమే కదులుతుంది.

సరే, నిన్న. బెల్టు దగ్గర నలభై నిమిషాలు. అందరి పెట్టెలూ అయ్యాక చివర్న వచ్చావు, పక్కకి పడుకుని, ఎడమ మూల పైకి పెట్టి. ఆ మూల అరచేతిలో పట్టేంత గుంట. గీతలు నాలుగు కలిసి ఒకటైపోయాయి. వేలు పెట్టి తడిమాను, అంచు చల్లగా, పదునుగా తగిలింది. తెరవబోతే కుడి గొళ్లెం ఠక్కుమని లేచింది, ఎడమది బిగుసుకుంది. బలవంతంగా లేపాక మళ్లీ పడలేదు. చట్రం వంగి రెండు చెక్కలకీ మధ్య గోరు దూరేంత సందు. జిప్పు అయితే ఎలాగోలా లాగి మూసేదాన్ని. కౌంటర్లో ఆయన వంగి చూసి, “ఇది మామూలేనండీ, మెటల్ కదా” అన్నాడు. పెట్టెకి సెల్లోటేపు చుట్టి ఇంటికి తెచ్చుకున్నాను. జన్మకి ఒక్కటే పెట్టె అని కొన్నదానికి, సెల్లోటేపు.

రాత్రి నీ వారంటీ కాగితం తీశాను. జీవితకాలపు వారంటీ. చక్రాలకి ఉంది, పిడికి ఉంది, గొళ్లేలకి ఉంది. సొట్టలకీ గీతలకీ లేదు, అవి ‘వాడకంలో సహజంగా వచ్చే మార్పులు’. గొళ్లెం పడనిది గొళ్లెం తప్పా, సొట్ట తప్పా అని అడిగితే ఏం చెబుతారో ఊహించగలను. అదే కాగితం అడుగున, ప్రతి సొట్టా మీ ప్రయాణానికి ఒక జ్ఞాపకం అని ముద్దుగా అచ్చేశారు. ఎవరి జ్ఞాపకం? నేను పైన 14ఎఫ్‌లో రెండు పొరల ఉన్ని వేసుకుని, జేబుల్లో చార్జర్లతో, చెమటలు కక్కుతూ కూర్చున్నాను. ఆ జ్ఞాపకం నీకూ, కింద నిన్ను ఎత్తి పడేసిన చేతులకీ మధ్య విషయం. నాకేం సంబంధం?

నిన్ను కరిగించి పారేయొచ్చు, తెలుసా? ఖనిజం నుంచి కొత్తగా అల్యూమినియం తీయడానికి పట్టే శక్తిలో ఇరవయ్యో వంతు చాలు, పాతదాన్ని కరిగించి వాడుకోవడానికి. అంత సులువుగా వదిలించుకోవచ్చు నిన్ను. రాత్రి పన్నెండున్నరకి నేను సరిగ్గా అదే ఆలోచనలో ఉన్నాను.

ఉంటూనే, నిద్ర పట్టక, నీ లోపలి గుడ్డ జిప్పు తీసి, అడుగున మడిచిన తువ్వాలు పెట్టి, రబ్బరు సుత్తితో ఆ మూల మీద లోపలినుంచి చిన్నగా కొట్టడం మొదలుపెట్టాను. ఒకేచోట కొడితే రేకు సాగుతుంది, అంచునుంచి మధ్యకి రావాలి. పక్కింటివాళ్లు గోడ మీద ఒకసారి కొట్టారు. ఓ ముప్పావుగంటకి గుంట సగం పైకొచ్చింది. చట్రాన్ని మోకాలికి ఆనించి అటువైపు లాగాను. ఎడమ గొళ్లెం నొక్కితే పడింది. ఠక్. ఆ చప్పుడు నాకు ఇష్టం, ఏం చేయను. జిప్పు పెట్టెల్ని బాల్‌పెన్ను మొనతో విప్పి, లోపల చెయ్యి పెట్టి, ఏమీ ఎరగనట్టు మళ్లీ మూసేయొచ్చు. నీ దగ్గర ఆ ఆటలు సాగవు. ఇంత దెబ్బకీ లోపల నా కళ్లజోడు పెట్టె మీద చిన్న గీత కూడా పడలేదు. పాత ప్లాస్టిక్‌ది అయితే చెత్తబండి ఎక్కేది, నా చేతుల్లో బాగయ్యేది మాత్రం కాదు. అయినా సొట్ట సొట్టే. వెలుగు పక్కనుంచి పడితే కనబడుతుంది.

మంగళవారం మళ్లీ విమానం. ఒక స్నేహితురాలు తన గుడ్డ బ్యాగు ఇస్తానంది, ఒకటీ ముప్పావు కిలోలట. ఇంకో ప్యాంటు పడుతుంది, చెప్పులూ పడతాయి. తీసుకుంటానో లేదో ఇంకా చెప్పలేదు. నువ్వు మాత్రం గోడకేసే మొహం పెట్టుకుని ఉండు.

ఇట్లు,
నీలో రెండున్నర కిలోల హక్కుదారు

తా.క.: ఫారం పూర్తి చేశాను. ‘నష్టం ఎలా జరిగింది?’ అన్న గడిలో ‘బరువు వల్ల’ అని రాశాను. ఎవరి బరువో రాయలేదు.