మెరిసే మట్టి ఉండలపై నా తీవ్ర అభ్యంతరాలు

జపాన్ అంటే నాకు గౌరవం. రైలు కాస్త లేటయినా ప్రయాణికులకు క్షమాపణ చెప్పే దేశం అది. అలాంటి చోట పిల్లలు బడి ఆవరణలో చతికిలబడి గంటల తరబడి మట్టి ఉండలు చేస్తారని, వాటిలో ముఖం కనిపించేదాకా రుద్దుతారని, ఆ పనికి హికారు దొరోదాంగో అని పేరు కూడా ఉందని తెలిశాక నాకు అన్నం సహించడం లేదు. పిల్లలంటే సరే, ఉద్యోగాలు చేసుకునే పెద్దవాళ్లు కూడా దిగారట!

ఖండించాలన్నా విషయం తెలియాలి కాబట్టి చెబుతున్నాను. పిడికెడు తడిమట్టి తీసుకుని నీళ్లు పిండేస్తూ గుండ్రంగా చుట్టాలి, పైన పొడిమట్టి చల్లుతూ చేత్తో నిమురుతూ ఉండాలి. కాస్త గట్టిపడ్డాక ప్లాస్టిక్ సంచిలో పెట్టి వదిలేస్తే లోపలి తేమ పైకి వచ్చి ఉండ చెమర్చుతుంది. తీసి మళ్లీ పొడి, మళ్లీ సంచి, మళ్లీ పొడి. చివర్లో అరచేతికి అంటుకునేంత మెత్తటి దుమ్ము తప్ప ఇంకేమీ వేయకూడదు. ఆ సన్నటి రేణువులు పైనున్న గుంతలన్నిటినీ పూడ్చేసి చదునుగా సర్దుకుంటాయి, ఆ తర్వాత గుడ్డతో తుడిస్తే మెరుపు. రంగు లేదు, వార్నిష్ లేదు. (గుంతలు దుమ్ముతో పూడ్చి పైన నున్నగా చూపించే విద్య మన రోడ్ల కాంట్రాక్టర్లకు ఎప్పటినుంచో తెలుసు, కానీ అక్కడ కనీసం బిల్లు ఉంటుంది.) తొందరపడి ఎండబెడితే ఉండ పగులుతుంది. పగిలితే అదే మట్టిని తడుపుకుని మళ్లీ మొదలు. ఈ మొత్తం వ్యవహారంలో ఫీజు లేదు, సర్టిఫికెట్ లేదు, పిల్లాడు ఫెయిలయ్యాడని ఇంటికి కబురు పంపే ఏర్పాటూ లేదు. నా అభ్యంతరం సరిగ్గా ఇక్కడే.

పిల్లల్ని మందలించాల్సిన పెద్దలు ఏం చేశారో చూడండి. క్యోటో విద్యా విశ్వవిద్యాలయంలో ఫుమియో కయో అనే ప్రొఫెసర్, పిల్లల మనస్తత్వం మీద పనిచేసేవారు, 1999లో ఒక శిశు సంరక్షణ కేంద్రంలో ఈ ఉండను చూసి ముచ్చటపడి, ఏకంగా ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద పెట్టి పరిశీలించారు. తర్వాత పిల్లలే సొంతంగా చేసుకోగలిగే పద్ధతి ఒకటి తయారుచేశారు. మెరుపుకు ఒకటి నుంచి అయిదు దాకా కొలమానం కూడా పెట్టారని విని, హమ్మయ్య, మార్కులొచ్చాయి అని నేను లేచి కూర్చున్నాను. తీరా చూస్తే దశాంశాలు లేవు, ర్యాంకులు లేవు. టీవీలో ఊపిరి తిప్పుకోకుండా ఒకటి, ఒకటి, ఒకటి, రెండు, రెండు అని చదివేవాడు లేడు. ఫస్టొచ్చిన పిల్ల ఫొటోతో చౌరస్తాలో ఫ్లెక్సీ లేదు. మరి ఆ పిల్లకు తాను ఫస్టొచ్చినట్టు ఎలా తెలుస్తుందండీ? తెలియకుండానే ఆ ఉండను నిధిలా దాచుకుంటుందట, ఎంత దయనీయం!

కుమ్మరి పనికి పేరుపడ్డ తొకొనామె ఊళ్లో మాత్రం కొంచెం బాధ్యత కనిపించింది. టైల్స్, టాయిలెట్ సామాన్లు చేసే ఇనాక్స్ (మన సినిమా హాళ్ల ఐనాక్స్ కాదు) పేరుతో ఉన్న మ్యూజియంలో రుసుము తీసుకుని మరీ ఈ పని చేయిస్తారు. ఇది సవ్యమైన దారి.

మన పిల్లలకు ఈ జబ్బు అంటుతుందేమోనని మొదట్లో టెన్షన్ పడ్డాను కానీ, ఇప్పుడు ధైర్యంగా ఉన్నాను. మన అపార్ట్‌మెంట్లలో నేలంతా టైల్సే. చాలా బళ్లకు ఆటస్థలమే లేదు, ఉన్నచోట కార్లు పెడతారు. మట్టి కావాలంటే ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టాలి, వచ్చేదాంట్లో సగం కొబ్బరి పొట్టు, అది ఉండ కట్టదు. మన ముందుచూపు అలాంటిది.

అన్నిటికన్నా ప్రమాదకరమైన సంగతి అమెరికా నుంచి వచ్చింది. పేడను ఎంత తోమినా మెరవదని ఇంగ్లీషువాళ్లకో మోటు సామెత ఉంది. 2008లో మిత్‌బస్టర్స్ అనే టీవీ షోవాళ్లు ఇదే జపాను పద్ధతిలో జంతువుల పేడను ఉండలు చేసి, రుద్ది, మెరుపు కొలిచే యంత్రం కింద పెట్టారు. 70 దాటితే బాగా మెరుస్తున్నట్టు లెక్క, వాళ్ల ఉండలు రెండూ వంద దాటాయి! ఇంత కష్టం దేనికో నాకర్థం కాలేదు. ఎన్నికల ఏడాదిలో మన దగ్గరికొచ్చి ఉంటే, అంతకన్నా ముతక సరుకును పోస్టర్ల మీద తళతళలాడించే నిపుణులను నేనే పరిచయం చేసేవాణ్ని. పని పూర్తయ్యాక చేతులు దులుపుకోవడం కూడా వాళ్లకు బాగా వచ్చు.