బావ ప్రింటరుకు మెయిలొచ్చింది

కడపలో ఏడురోడ్ల దగ్గరి సందులో మా బావకు ఒక నెట్ సెంటర్ ఉంది. బోర్డు మీద 'జిరాక్స్, లామినేషన్, హాల్ టికెట్లు, అన్ని అప్లికేషన్లు వేయబడును' అని ఉంటుంది. ఆ 'అన్ని' అన్న మాటే బావకు బీపీ తెచ్చిపెట్టింది. హాల్ టికెట్లు సైట్లో ఏ అర్ధరాత్రో పెడతారు. పొద్దున్నే కమలాపురం, వేంపల్లె బస్సులు దిగిన పిల్లోళ్లు షట్టర్ ఎత్తకముందే వచ్చి నిలబడి, "అన్నా, వచ్చినాయంట గదా!" అంటారు. వచ్చినాయో లేదో తెలుసుకోవడానికి బావకు తెలిసిన దారి ఒకటే, పేజీని మళ్లీ తెరిపించే ఎఫ్5 మీట నొక్కడం. ఆయన కీబోర్డు మీద మిగతా మీటలన్నీ బాగానే కనిపిస్తాయి. ఎఫ్5 మాత్రం అక్షరం అరిగిపోయి బోసిగా ఉంటుంది.

ఉగాదికి బెంగళూరు నుంచి వచ్చిన మా మేనల్లుడు ఇది చూసి తట్టుకోలేకపోయాడు.

"నాయినా, నువ్వు సైటు చుట్టూ తిరగడమేంది? కొత్త ఫైలు పెట్టినారని నీకు కబురు రావల్ల."

కూర్చోబెట్టి ఫీడ్ గురించి చెప్పాడు. సైటు వాళ్లు కొత్తగా ఏం పెట్టినా ఆ వివరం ఒక చిన్న జాబితాలో చేరుతుంది. ఫీడ్ రీడర్ అనే ప్రోగ్రాం మన బదులు పోయి, ఆ జాబితా చూసి, కొత్తది ఉంటే చూపిస్తుంది. కొన్నయితే మెయిల్ కూడా కొడతాయి. 1999లో నెట్‌స్కేప్ అనే బ్రౌజర్ కంపెనీ వాళ్లు మొదలుపెట్టిన పద్ధతి ఇది. 2000లో దీని ఇంకో రూపాన్ని తయారుచేసిన వాళ్లలో ఆరన్ స్వార్ట్జ్ అనే పద్నాలుగేళ్ల పిల్లోడు కూడా ఉన్నాడు.

"పద్నాలుగేళ్లకేనా!" అని బావ కొడుకు వైపు ఒక చూపు చూశాడు. ఆ వయసులో వీడు ఏం చేశాడో గుర్తు చేసుకుంటున్నట్టుంది. మేనల్లుడు గబగబా తర్వాతి విషయంలోకి వెళ్లిపోయాడు.

నిజానికి ఇది చెడ్డ ఆలోచన కాదు. 2013 జులై 1న గూగుల్ తన ఫీడ్ రీడర్‌ను మూసేసినప్పుడు ఫీడ్ల పని అయిపోయిందనుకున్నారు గానీ, ఇవాళ్టికీ చాలా పాడ్‌కాస్టుల కొత్త ఎపిసోడ్లు ఫోన్లలోకి దిగేది వీటి ద్వారానే. చిక్కేమిటంటే, బావకు కావలసిన సైట్లలో సగానికి ఫీడ్ అనేదే లేదు. వాటికి మేనల్లుడు ఇంకో ఉపాయం చేశాడు. పేజీలో ఏ అక్షరం మారినా మెయిల్ పంపే ఒక కాపలాదారు ప్రోగ్రాం పెట్టి, ఐదు నిమిషాలకొకసారి చూసి రమ్మని చెప్పి, బెంగళూరు బస్సెక్కాడు.

మర్నాటి నుంచి బావ ఫోన్ టింగుమని ఆగింది లేదు. ఐదు నిమిషాలకొక మెయిల్. 'పేజీలో మార్పు జరిగింది.' బావ పొంగిపోయాడు.

"సూడు అబ్బీ, వాళ్లు రాత్రి కూడా నిద్రపోకుండా పని చేస్తాండారు!"

నేను ఆ పేజీ తెరిచి చూశాను. పైన ఎన్నేళ్ల నాటిదో ఒక నోటీసు, పక్కన ఎర్రగా 'న్యూ' అని మిణుకుమిణుకుమంటోంది. అదేం మారలేదు. మారింది పేజీ అడుగున ఉన్న సందర్శకుల లెక్క. ఇందాక 4,51,208 ఉంటే ఇప్పుడు 4,51,209. ఆ పెరిగిన ఒక్క సందర్శకుడు ఎవరయ్యా అంటే, మన కాపలాదారే. వాడు చూడటానికి వెళ్లినందువల్ల అంకె మారుతుంది, అంకె మారినందువల్ల వాడు పరుగున వచ్చి మెయిల్ పెడతాడు.

మేనల్లుడికి ఫోన్ చేస్తే నవ్వి, అంకెలు వదిలేసి నోటీసుల పట్టిక ఒక్కటే చూసేలా సరిచేశాడు. అంతటితో ఆగి ఉంటే బాగుండేది. బావకు ఆశ పుట్టింది. "మెయిల్ వచ్చినంక నేను తెరవల్ల, నేనే ప్రింటు కొట్టల్ల. అదేదో అదే కొట్టుకుంటే పోదా?"

కొన్ని ప్రింటర్లకు సొంత మెయిల్ అడ్రసు ఉంటుంది, దానికి ఫైలు పంపితే అచ్చేసి పెడుతుంది. బావ మెయిల్‌కు వచ్చే నోటిఫికేషన్లన్నీ నేరుగా ప్రింటరుకు పోయేలా మేనల్లుడు ఫోన్లోనే చెప్పి చేయించాడు. ముందుగా 'ఈ అడ్రసు మీదేనా' అని ధ్రువీకరణ నంబరు రావాలి కదా, ఆ నంబరు కూడా ప్రింటరుకే పోయింది. అది బుర్రుమని ఒక తెల్ల కాగితం మీద నంబరు కొట్టి బయటికి తోసింది. అక్క ఆ కాగితానికి బొట్టు పెట్టింది.

కొన్నాళ్లు అంతా చక్కగా నడిచింది. పొద్దున షట్టర్ ఎత్తేసరికి ట్రేలో కాగితాలు సిద్ధంగా ఉండేవి. బావ కాఫీ తాగుతూ, పిల్లోళ్లు అడక్కముందే "ఇదిగో, రాత్రి వచ్చింది" అని ఇచ్చేవాడు. పక్క సందులోని నెట్ సెంటర్ ఆయన ఇంకా ఎఫ్5 నొక్కుతున్నాడని తెలిసి జాలిపడ్డాడు కూడా.

అప్పుడు ఆ సైట్లలో ఒకటి, పేరెందుకులెండి, తన అడ్రసు మార్చుకుంది. ముందున్న హెచ్‌టీటీపీకి చివర ఒక్క 'ఎస్' చేరింది. భద్రత కోసం అందరూ చేసే పనే. కానీ ఫీడ్ రీడర్‌కు చూపు ఆనదు. అది ప్రతి ఫైలునూ గుర్తుపట్టేది దానికిచ్చిన గుర్తింపు సంఖ్యతోనే. చాలా సైట్లలో ఆ సంఖ్య బదులు ఫైలు అడ్రసే వాడతారు. అడ్రసు మారితే పాత ఫైలు కూడా దాని లెక్కలో అప్పుడే పుట్టిన బిడ్డ. ఆ రాత్రి ఫీడ్లో ఉన్నవన్నీ, ఏళ్ల నాటివి, ఒక్కసారిగా కొత్తవైపోయాయి. ముందురోజే ట్రే నిండా కాగితం పెట్టి, "రాత్రికి చాలదేమో" అని బావ పక్క ట్రే కూడా నింపాడు.

పొద్దున షట్టర్ సగం ఎత్తగానే కాళ్ల మీదికి కాగితాలు జారాయి. 2014 బీఈడీ ఫీజు గడువు, 2016 సప్లిమెంటరీ టైంటేబుల్, హాస్టల్ క్యాంటీన్ టెండరు, గార్డెన్‌లో గడ్డి కోయడానికి కొటేషన్లు. కాగితం అయిపోయింది కాబట్టి ప్రింటరు ఆగింది గానీ, దానికింకా ఓపిక ఉంది. తెరమీద 'దయచేసి కాగితం పెట్టండి' అని వెలుగుతూనే ఉంది.

"పారేస్తానా?" అంది అక్క. "ఒక పక్క తెల్లగానే ఉండాది." మొత్తం కట్టగట్టి బజ్జీల బండి అన్నకు కిలోల లెక్కన అమ్మేసింది.

అసలు కథ ఆ సాయంత్రం మొదలైంది. ఒక కుర్రాడు రొప్పుతూ వచ్చాడు. చేతిలో నూనె కారుతున్న కాగితం. "అన్నా, ఫీజుకు రేపే చివరి తేదీ అంట! అర్జెంటుగా కట్టల్ల!" వెనకాలే మరో ఇద్దరు. తేదీ, నెల స్పష్టంగా ఉన్నాయి. సంవత్సరం ఉండాల్సిన చోట మిరపకాయ బజ్జీ నూనె మరక. బావ కాగితాన్ని ట్యూబులైటుకు ఎత్తిపట్టి చూశాడు, తిప్పి చూశాడు, వాసన కూడా చూశాడు. సంవత్సరం తేలలేదు.

"రెండో పేజీ యాడరా? దాంట్లో సంతకం కింద సంవత్సరం ఉంటాది."

"మా ఫ్రెండు పొట్లంలో పోయింది అన్నా."

ఇంకో నలుగురు వచ్చేసరికి బావకు టెన్షన్ పట్టుకుంది. కౌంటర్ నాకప్పగించి, చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా బండి దగ్గరికి పరిగెత్తాడు.

"అన్నా, ఆ కాగితాల కట్ట ఒకసారి ఇయ్యి. రెండో పేజీ ఏదో వెతుక్కోవల్ల."

బజ్జీల అన్న మూకుడులోంచి గరిటె తీయకుండానే చెప్పాడు.

"అట్లా కట్ట ఇప్పదీసేది కుదర్దు సామీ. ప్లేటుకు ఒక పేజీ. నీకు ఎన్ని ప్లేట్లు?"